పిల్లల స్నేహాలూ, పెద్దల కట్టుబాట్లూ

గత విద్యాసంవత్సరం మొదట్లో బీరంగూడలో జరిగిన ఒక తలిదండ్రుల సమావేశంలో నేను అధ్యాపకుల వరసలో కూచున్నాను. వచ్చినవారిలో సగానికి పైగా పటాన్‌చెరు, పాశమైలారం ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు. కొందరు షిఫ్టు దిగి తిన్నగా వచ్చారు. కొందరు షిఫ్టుకు పోతూ దారిలో ఆగారు. అమీన్‌పూర్ వైపు కొత్త అపార్టుమెంట్లలో వుండే ఉద్యోగులు కొందరున్నారు. శ్రీకాకుళం నుంచి వచ్చినవాళ్ళూ, నారాయణఖేడ్ నుంచి వచ్చినవాళ్ళూ, ఒడిశా నుంచి వచ్చి తెలుగు నేర్చుకున్నవాళ్ళూ వున్నారు. జీతాలలో, యాసలలో, కులాలలో ఒకరితో ఒకరికి పొత్తులేని ఈ జనం ఆ సాయంత్రం ఒక విషయంలో మాత్రం ఒకే గొంతుతో మాట్లాడారు. అది ఫీజుల విషయం కాదు, ప్రయోగశాల లేని విషయమూ కాదు. ఆడపిల్లలూ మొగపిల్లలూ ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా చూడాలన్నది.

వారు మూడు కోర్కెలు పెట్టారు. ఆడపిల్లలకు మెట్లు వేరుగా వుండాలి. ఎవరి దగ్గరైనా ఫోను దొరికితే ఆ పిల్లకు తెలియకుండా ఇంటికి కబురు చెయ్యాలి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అధ్యాపకులు కనిపెట్టి వుండి, వారం వారం తెలియజెయ్యాలి. ఈ కోర్కెలను బలపరుస్తూ మాట్లాడిన అధ్యాపకులలో మన సంఘ మిత్రుడొకడు వున్నాడు. ఆయన మంచి ఉపాధ్యాయుడు, నిజాయితీపరుడు. ఆయన పేరు ఇక్కడ అనవసరం. ఆయన అన్నది మనలో చాలామంది మనసుల్లో వున్నదే.

ఆయన వాదం నాలుగు మాటల్లో చెప్పవచ్చు. పన్నెండేళ్ళకూ, పదహారేళ్ళకూ ప్రేమేమిటి, అది సినిమాలూ ఫోన్లూ అంటించిన జబ్బు, అన్నాడు. మన సంఘం ఇంకా మారలేదు, ఏం జరిగినా నష్టపోయేది ఆడపిల్లే కనక ముందుజాగ్రత్త తప్పదు, అన్నాడు. ‘డేటింగ్’ అనేది డబ్బున్నవాళ్ళ వ్యవహారం, కార్మికుల పిల్లలకు కావలసినది చదువూ ఉద్యోగమూ, అన్నాడు. చివరికి, తలిదండ్రుల నిర్ణయంలో తలదూర్చటం బయటివాళ్ళ పని కాదు, అన్నాడు. చప్పట్లు గట్టిగానే మోగాయి.

నేను ఆరోజు జవాబు చెప్పలేదు. ఎందుకు చెప్పలేకపోయానో తరవాత చెబుతాను. ఇప్పుడు చెప్పదలచినది ఇది: మన ఇళ్ళలో పిల్లల స్నేహాలమీద విధిస్తున్న నియమాలు పిల్లలను కాపాడటానికి ఏర్పడ్డవి కావు. ఇంటి పరువునూ, కులాన్నీ, పెళ్ళిబజారులో పిల్ల ధరనూ కాపాడటానికి ఏర్పడ్డవి. వాటిని బలపరిచే అభ్యుదయవాది, తెలిసో తెలియకో, తాను సభలలో ఖండించేదాన్నే గడప లోపల కాపలా కాస్తున్నాడు.

ముందుగా ఒక అపార్థం తొలగాలి. పిల్లలకు నియమాలే వద్దని నేను అనటంలేదు. పదకొండేళ్ళ పిల్ల ఎక్కడికి పోతున్నదో, ఎవరితో పోతున్నదో, ఎప్పుడు వస్తుందో తలిదండ్రులకు తెలిసితీరాలి. పద్నాలుగేళ్ళ కుర్రవాడి చేతిలో ఫోను పెట్టి, దానిలో ఏముందో తనకక్కర్లేదనే తండ్రి స్వేచ్ఛావాది కాడు, బాధ్యత వొదులుకున్నవాడు. నియమం వుండవలసిందే. అది ఎలాంటి నియమమన్నది తేల్చుకోవాలి.

ఈ తేడా మన ప్రాంతంలో ఎవరికీ విడమరచి చెప్పనక్కర్లేదు. ఫ్యాక్టరీలో పనిచేసే ప్రతివాడికీ రెండు రకాల నియమాలు తెలుసు. గేటు దగ్గర సంచీ విప్పి చూపించమనేది ఒక రకం. అది యజమాని సొత్తుకోసం పుట్టింది. దానికి కారణం ఎవరూ చెప్పరు. ప్రతి కార్మికుణ్ణీ దొంగగా అనుమానించటమే దాని ఆధారం. మేనేజరు కారు డిక్కీకి అది వర్తించదు. రెండోది భద్రతా నియమం. ఈ వాల్వు ఎందుకు తెరవకూడదో, ఈ మాస్కు ఎందుకు పెట్టుకోవాలో చెప్పి నేర్పుతారు. అది మేనేజరుకూ కార్మికుడికీ సమానం. అన్నిటికంటె ముఖ్యమైనది, ప్రమాదం వచ్చినప్పుడు మోగించటానికి అక్కడ ఒక గంట వుంటుంది. గంట మోగించినవాడికి శిక్ష పడే ఫ్యాక్టరీలో ఎవడూ గంట మోగించడు. అందరూ కలిసి కాలిపోతారు.

2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలి యాభైమందికి పైగా చనిపోయారు. తమవాళ్ళ శవాలకోసం రోజుల తరబడి కాచుకున్న కుటుంబాలను చూసినవాళ్ళం మనం. భద్రతా నియమం విలువ ఏమిటో ఈ ప్రాంతానికి ఎవరు పాఠం చెప్పాలి? మరి అదే ప్రాంతంలో, తన బతుకుకు భద్రతా నియమం కావాలని అడిగే తండ్రి ఇంటికొచ్చి కూతురికి గేటు తనిఖీ పెడుతున్నాడు. తనమీద యజమాని చూపే అనుమానాన్నే తను కూతురిమీద చూపుతున్నాడు. ఇది ఆయన దుర్మార్గం కాదు. తనకు తెలిసిన అధికారం అదొక్కటే. కాని అది కూతురిని కాపాడదు.

మన నియమాలు ఏ రకానివో పరీక్షించి చూద్దాం. మొదటి పరీక్ష: అవి కొడుక్కి వర్తిస్తాయా? ఆ సమావేశంలో మాట్లాడిన తండ్రులలో మొగపిల్లలున్నవాళ్ళు చాలామంది. ‘మా వాడు ఆడపిల్ల వెంటపడితే మాకు చెప్పండి’ అని ఒక్కరూ అడగలేదు. బీరంగూడ కమాన్ దగ్గర సాయంత్రంవేళ బస్సుదిగే అమ్మాయిల వెనక బండ్లమీద తిరిగే కుర్రవాళ్ళు ఆకాశంనుంచి ఊడిపడ్డవాళ్ళు కారు. ఆ తండ్రుల కొడుకులే. నియమం పిల్లల మేలుకోసమే అయితే మొట్టమొదట నియమం పెట్టవలసింది వీళ్ళకు. వద్దన్న పిల్ల వెంట తిరగకూడదని, ఆమె ఫొటో మరొకడికి చూపించకూడదని, ‘కాదు’ అంటే కాదనే అర్థమని ఏ ఇంట్లో చెబుతున్నారు? దారి కాచేవాణ్ణి వొదిలేసి, దారిన పోయేదానికి తాళం వేస్తున్నాం.

రెండో పరీక్ష: ఆ కుర్రవాడు ఎవరైనా నియమం ఒకటేనా? కాదని ప్రతి ఇంటికీ తెలుసు. మేనబావతో పదమూడేళ్ళ పిల్లను ముడిపెట్టి వేళాకోళమాడితే ఇంటిల్లిపాదీ నవ్వుతారు. అదే పిల్ల పక్కబెంచీ కుర్రవాడితో లెక్కలు చెప్పించుకుంటే ఇల్లు అట్టుడికినట్టు ఉడుకుతుంది. వయస్సు చిన్నదన్న బెంగ మేనబావ దగ్గర ఎక్కడికి పోయింది? కులం వేరైతే ఈ నియమం ఎంతదూరం పోతుందో మనం కళ్ళారా చూశాం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో పట్టపగలు, గర్భిణి అయిన భార్య కళ్ళెదుట, ఒక దళిత యువకుణ్ణి నరికి చంపించారు. వాళ్ళిద్దరి పరిచయం బడిరోజుల నాటిది. 2025 మార్చిలో నల్లగొండ కోర్టు ఒకడికి మరణశిక్షా, ఆరుగురికి యావజ్జీవమూ వేసింది. 2020 సెప్టెంబరులో హైదరాబాదులో భార్య బంధువులు ఎత్తుకుపోయిన మరొక యువకుడి శవం మన సంగారెడ్డి దగ్గరే దొరికింది. అక్కడా దంపతుల కులాలు వేరు. ఈ చావుల్లో చనిపోయినవాళ్ళు పిల్లలు కారు. చట్టం ప్రకారం పెళ్ళిచేసుకున్న పెద్దవాళ్ళు. వయస్సుకోసం పుట్టిన నియమమైతే వయస్సు రాగానే ఆగిపోవాలి గదా! ఆగలేదంటే అది వయస్సుకోసం పుట్టింది కాదన్నమాట.

మూడో పరీక్ష: ప్రమాదం ఎక్కడినుంచి వస్తున్నదో నియమం అక్కడ కాపలా కాస్తున్నదా? 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి మంత్రిత్వశాఖ 13 రాష్ట్రాలలో 12,447 మంది పిల్లలను విచారించి ఒక నివేదిక ప్రకటించింది. వారిలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపుకు గురైనట్టు చెప్పారు. వేధించినవారిలో సగంమంది పిల్లలకు తెలిసినవాళ్ళూ, పిల్లలు నమ్మినవాళ్ళూ. అత్యధికంగా వేధింపు కనిపించిన నాలుగు రాష్ట్రాలలో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అంటే ప్రమాదం చాలాసార్లు మామయ్య, బాబాయి, పక్కింటి అంకుల్, ట్యూషను మాస్టారు రూపంలో కాఫీ తాగటానికి ముందు గుమ్మంలోంచే వస్తున్నది. మన నియమం బస్‌స్టాపులో నిలబడి తోటివిద్యార్థిని పట్టుకుంటున్నది.

‘ఈ వయస్సులో ప్రేమేమిటి’ అనే ప్రశ్నకు చరిత్రలో ఒక విచిత్రమైన జవాబున్నది. గురజాడ అప్పారావుగారు 1897లో ‘కన్యాశుల్కం’ తొలికూర్పుకు రాసిన పీఠికలో, విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో జరిగిన 1,034 శుల్క వివాహాల లెక్క ఇచ్చారు. వాటిలో అయిదేళ్ళ పెళ్ళికూతుళ్ళు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. 1891లో ప్రభుత్వం దాంపత్యానికి కనీస వయస్సును 10 నుంచి 12కు పెంచబోతే దేశంలో పెద్దమనుషులు మతం మునిగిపోయిందన్నారు. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్ళి వయస్సును 14 చేస్తే మళ్ళీ అదే గోల. అది 18కి వచ్చింది 1978లో. ఈ వందేళ్ళ పోరాటంలో ‘పిల్ల చిన్నది, ఇంకా తెలియదు’ అన్నవాళ్ళు సంస్కర్తలు. ‘తెలియకముందే చెయ్యాలి’ అన్నవాళ్ళు పెద్దలు. నేటి పెద్దలు సంస్కర్తల మాట అరువు తెచ్చుకున్నారు. ఉద్దేశం మాత్రం తమ తాతలదే. ఆనాడు పిల్లకు ఇష్టం పుట్టకముందే పెళ్ళిచేసేవాళ్ళు. ఈనాడు పెళ్ళి అయ్యేదాకా ఇష్టం పుట్టకుండా చూస్తున్నారు.

ఆనాటి పద్ధతి పూర్తిగా పోయిందా అంటే అదీ లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ళ స్త్రీలలో 18 నిండకముందే పెళ్ళయినవారు తెలంగాణాలో 23.5 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం. దాదాపు ప్రతి నలుగురిలో ఒకరు! ఇంటర్మీడియట్‌లో చేరి పరీక్ష రాయకుండా మాయమయ్యే ఆడపిల్లల గురించి వాకబు చేసిన ఉపాధ్యాయుడెవరికైనా ఒకే జవాబు వస్తుంది. ‘ఎవరితోనో మాట్లాడుతున్నదట, అందుకని సంబంధం చూశారు.’ నియమం ఉల్లంఘించినందుకు శిక్ష పెళ్ళి! చిన్నవయస్సులో మగవాడితో స్నేహం తగదని చెప్పి, దానికి విరుగుడుగా అదే చిన్నవయస్సులో మొగుణ్ణి తెచ్చి కట్టబెట్టటాన్ని ఏ తర్కం సమర్థిస్తుంది?

ఇప్పుడు నేను ఆ సమావేశంలో నోరెత్తకపోవటానికి కారణం చెబుతాను. కొన్నేళ్ళకిందట ఒక విద్యార్థిని తండ్రి నా దగ్గరకు వచ్చాడు. కాంట్రాక్టు కార్మికుడు. తల్లి ఒక మందుల కంపెనీలో ప్యాకింగులో పనిచేసేది. ‘సార్, మా పిల్ల ఫోనుల ఒక పోరనితోని మాట్లాడుతున్నది. మేమిద్దరం డ్యూటీలకు పోతం. ఇంట్ల ఎవ్వరుండరు. ఏం చెయ్యాలె?’ అన్నాడు. ఆ కుర్రవాడు అదే తరగతివాడు, నాకు తెలిసినవాడు. నేను పెద్దమనిషిలాగా ఆలోచించి, ‘పరీక్షలయ్యేదాకా ఫోను తీసి దాచండి. తరవాత చూద్దాం’ అన్నాను. తిట్టవద్దనీ కొట్టవద్దనీ కూడా చెప్పాను. నా సలహా చాలా మితంగా వున్నదని నాకే సంతృప్తి కలిగింది. పిల్లను పిలిచి మాట్లాడాలని నాకు తోచలేదు.

ఆమె పరీక్షలు రాయలేదు. పద్దెనిమిది నిండిన నెలలోనే పెళ్ళిచేశారు కనక చట్టానికి ఏ లోపమూ జరగలేదు. రెండేళ్ళ తరవాత సర్టిఫికెట్ల కోసం చంకలో బిడ్డతో వచ్చింది. ఆరోజు చెప్పింది. ఇంటికి వచ్చిపోయే ఒక దగ్గరి బంధువు, తలిదండ్రులు షిఫ్టులో వున్న వేళ చూసి వస్తుండేవాడట. ఈ సంగతి ఆమె చెప్పుకున్నది ఒక్క ఆ కుర్రవాడితోనే. ‘సార్‌కు చెప్పు’ అని అతను ఆమెను ఒప్పిస్తున్నాడట. ఇంతలో ఫోను పోయింది, కాలేజీ పోయింది. ‘ఆ దినం మీరు నన్నొక్క మాట అడిగితె చెప్తుంటి సార్’ అన్నది. ఫిర్యాదు ఇద్దామన్నాను, తోడు వస్తానన్నాను. ‘ఇప్పుడెందుకు సార్, నా కాపురమే పోతది’ అన్నది. ఆ పిల్లకున్న గంట ఆ ఫోనొక్కటే. దాన్ని ఊడబెరికిన చెయ్యి తండ్రిది, సలహా నాది.

ఈ సంఘటనలో తండ్రిని నిందించి ఊరుకోవటం తేలిక. కాని ఆయనకు పిల్లతో మాట్లాడే తీరిక ఎక్కడిది? పన్నెండు గంటల డ్యూటీ, షిఫ్టు మారినప్పుడల్లా మారే నిద్ర, ఒకే గదిలో నలుగురు. పిల్లలతో మాట్లాడటానికి కాలం కావాలి. కాలం కొనుక్కోలేనివాడు తాళం కొంటాడు. మరి కాలం వున్నవాళ్ళు ఏం చేస్తున్నారు? అపార్టుమెంట్లలో తాళం కొంచెం ఖరీదైనది, అంతే. పిల్ల ఎక్కడున్నదో చూపించే యాప్, గుమ్మంలో కెమెరా, ఆడపిల్లలకూ మొగపిల్లలకూ వేరువేరు భవనాలున్న కార్పొరేటు కాలేజీ. ఆ కాలేజీలు ర్యాంకులతోపాటు ఈ కాపలాను కూడా అమ్ముతున్నాయి. తలిదండ్రులు ఫీజు కట్టేది రెంటికీ. కనక ఇది డబ్బున్నవాళ్ళ సమస్య అన్న మన మిత్రుడి మాట నిలవదు. డబ్బున్నవాడి పిల్ల తప్పటడుగు వేస్తే రహస్యంగా డాక్టరున్నాడు, మరో ఊళ్ళో కాలేజీ వుంది. కార్మికుడి పిల్లకు చదువు పోతుంది. ఎక్కువ నష్టపోయేది మన వర్గమే అయినప్పుడు ఇది మన సమస్య కాకుండా ఎలా పోతుంది?

చట్టం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 2012 పోక్సో చట్టం పిల్లల రక్షణకు వచ్చింది. అది అవసరమైన చట్టం. కాని పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల మధ్య ఇష్టపూర్వకమైన సంబంధాన్నీ, పెద్దవాడి అఘాయిత్యాన్నీ అది ఒకే నేరంగా చూస్తుంది. కూతురు ఇల్లు విడిచిపోగానే తండ్రి కేసు పెడతాడు. పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు జైలుకు పోతాడు. నేరం తెలిసినవారు పోలీసులకు చెప్పితీరాలని 19వ సెక్షను విధిస్తుంది. అంచేత భయపడిన పిల్ల డాక్టరు దగ్గరకు పోవటానికి కూడా జంకుతుంది. ఒప్పుదల వయస్సు తగ్గించవద్దని 2023లో లా కమిషను తన 283వ నివేదికలో చెప్పింది. పదహారు దాటినవారి కేసుల్లో శిక్ష విషయమై న్యాయమూర్తులకు కొంత విచక్షణ వుండాలని కూడా చెప్పింది. అదే సంవత్సరం కలకత్తా హైకోర్టు యువతులు తమ కోరికలను అదుపులో పెట్టుకోవాలని తీర్పులో హితవు చెబితే, 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టివేసింది. ఈ చర్చకు మంచీచెడ్డా రెండూ వున్నాయి. వయస్సు తగ్గిస్తే పెద్దవాళ్ళు దాన్ని వాడుకుంటారన్న భయం కొట్టిపారేయదగ్గది కాదు. కాని పిల్లను రక్షించే చట్టం తండ్రి చేతిలో కులరక్షణ ఆయుధం కాకూడదని కోరటానికి మనకేం అడ్డు?

ఇక సినిమాలూ ఫోన్లూ పాడుచేస్తున్నాయన్న వాదం. నిజమే. పెట్టుబడిదారీ మార్కెట్టు ప్రేమను సరుకు చేసింది. వద్దన్న పిల్ల వెంటపడి వేధించటమే వీరత్వమని మన సినిమా ఏళ్ళ తరబడి నేర్పింది. ఫోనులో అశ్లీలం చవగ్గా దొరుకుతుంది. అయితే దీనికి విరుగుడేమిటి? ఇంట్లో మాట్లాడరు. బళ్ళో చెప్పరు. యౌవనారంభ విద్యను బళ్ళలో ప్రవేశపెట్టబోతే 2007లో అనేక రాష్ట్రాలు నిషేధించాయి. 2009లో మన తెలుగువాడే అయిన వెంకయ్యనాయుడుగారి అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ బళ్ళలో లైంగిక విద్య వద్దని సిఫారసు చేసింది. ఇల్లు నోరు మూసుకుని, బడి నోరు మూసుకుంటే మాట్లాడేది మార్కెట్టొక్కటే. పిల్లలకు ఈ విషయం చెప్పే గురువుగా మార్కెట్టును నియమించినవాళ్ళం మనమే. మళ్ళీ దాన్ని తిట్టేదీ మనమే.

మన ఉద్యమ చరిత్ర ఈ విషయంలో నిర్మలమైనదేమీ కాదు. 1920లో క్లారా జెట్కిన్‌తో మాట్లాడుతూ లెనిన్, ప్రేమను దాహానికి తాగే గ్లాసెడు నీళ్ళతో పోల్చే సిద్ధాంతాన్ని విమర్శించాడు. మన పెద్దలు అంతవరకే చదివి పుస్తకం మూసేశారు. అదే సంభాషణలో ఆయన సన్యాసాన్ని కూడా తోసిపుచ్చి, యువకులకు జీవితానందం కావాలన్న సంగతి ఎవరూ ఎత్తరు. తెలంగాణా సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల అనుభవాలను స్త్రీశక్తి సంఘటన 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రచురించింది. తుపాకి పట్టిన స్త్రీలను కూడా దళాలు ఎలా కట్టుబాట్లలో పెట్టాయో, పెళ్ళిళ్ళ విషయంలో పార్టీ ఎలా తండ్రి స్థానం తీసుకున్నదో ఆ స్త్రీలే చెప్పారు. ఆ పుస్తకం మన గ్రంథాలయాలలో వుంది. దాన్ని మెచ్చుకుంటూ ప్రసంగాలు చేస్తాం. కూతురు ఫోనులో మాట్లాడితే మాత్రం తలుపు మూస్తాం.

సంఘం మారలేదు కనక ముందుజాగ్రత్త అంటారు. ఈ మాట ప్రతి సంస్కరణకూ అడ్డం వచ్చింది. 1881లో రాజమండ్రిలో వీరేశలింగంగారు మొదటి వితంతు వివాహం చేసినప్పుడు సంఘం మారి వున్నదా? పైగా ఈ ముందుజాగ్రత్త ఎవరికి బలమిస్తున్నది? 2019 ఫిబ్రవరి 14న మేడ్చల్ దగ్గర కండ్లకోయ పార్కులో మతరక్షకులమని చెప్పుకునే యువకులు ఒక జంటను పట్టుకుని బలవంతాన తాళి కట్టించారు. మనం ఖండించాం. కాని ‘ఆడామగా మాట్లాడుకుంటే కాపలావాడు కలగజేసుకోవచ్చు’ అన్న సూత్రం మన స్టాఫురూములో ఒప్పుకున్నాక, పార్కులోని కాపలావాణ్ణి ఏ మొహంతో ఖండిస్తాం? వాడు వీధిలో చేసేది, మనం వారం వారం కబురు పంపి చేద్దామంటున్నాం.

అయితే ఏం చెయ్యాలి? విమర్శించి తప్పుకుంటే అది మన పద్ధతి కాదు. గేటు తనిఖీకి బదులు భద్రతా నియమాలు కావాలి. అవి వయస్సునుబట్టి మారాలి. పదీ పన్నెండేళ్ళ పిల్లలకు శరీరం గురించి సరైన మాటలు నేర్పాలి. పెద్దవాడెవడైనా ‘ఇంట్లో చెప్పకు’ అంటే అది చెప్పవలసిన మొదటి సంగతి అని నేర్పాలి. వాళ్ళ స్నేహాలు పెద్దల కంటిచూపులో, వెలుతురులో సాగనివ్వాలి. పదమూడు నుంచి పదిహేను దాకా స్నేహితులు, ఆడగాని మగగాని, ఇంటికి రావటానికి తలుపు తెరిచి వుంచాలి. ఇంటికి రాగలిగిన స్నేహం చీకటి మూలలు వెతుక్కోదు. ఫోను ఎంతసేపు, రాత్రి ఎక్కడ వుండాలి అన్నవి పిల్లలతో కూచుని నిర్ణయించాలి. పెద్దల ఫోనుకు కూడా అవి వర్తించాలి. పదహారు దాటినవారి ఉత్తరాలు చదివే హక్కు మనకు లేదు. అడిగే హక్కు వుంది. ఇద్దరి మధ్య వయస్సు తేడా ఎంత, ఎవరైనా బెదిరిస్తున్నారా, ఫొటోలడుగుతున్నారా, చదువు మానమంటున్నారా అని అడగాలి. కులం అడగకూడదు.

ఈ నియమాలన్నిటికీ మూడు షరతులు. కారణం చెప్పలేని నియమం పెట్టకూడదు. కొడుక్కి చెప్పని నియమం కూతురికి చెప్పకూడదు. ఎంత పెద్ద తప్పు చేసినా, చెప్పుకున్న పిల్లకు చదువు ఆగదనీ, పెళ్ళి ముంచుకురాదనీ ముందుగానే మాట ఇవ్వాలి. మూడోదే గంట. అది లేకపోతే మొదటి రెండూ దండగ.

ఉపాధ్యాయులుగా మనం చెయ్యవలసింది కూడా వుంది. వేగులపని చెయ్యబోమని తలిదండ్రులకు మర్యాదగానే చెప్పాలి. దానికి బదులు ప్రతి కాలేజీలో పిల్లలు భయం లేకుండా మాట్లాడగలిగిన మనిషి ఒకరు, వీలైతే ఒక స్త్రీ, వుండాలని అడగాలి. పిల్లల సహాయానికి 1098 అనే నెంబరున్నదని తరగతి గోడమీద రాయాలి. కార్మిక సంఘాలు షిఫ్టుల గురించి మాట్లాడేటప్పుడు, ఆ షిఫ్టుల్లో ఇంటిదగ్గర వొంటరిగా వుండే పిల్లల గురించి కూడా కోర్కెల పత్రంలో రాయాలి. పన్నెండు గంటల డ్యూటీని ఎనిమిది గంటలకు తగ్గించటం కూతురి స్నేహానికి సంబంధించిన విషయమేనని చెబితే నవ్వేవాళ్ళుంటారు. నవ్వనివ్వండి. మా విద్యార్థిని ఇంట్లో ఆ బంధువు చూసుకుని వచ్చింది షిఫ్టు వేళలనే.

చివరగా నా ఇంటి సంగతి. మా అమ్మాయికి పదకొండేళ్ళు. ఈ మధ్య తన తరగతి కుర్రవాడొకడి పేరు మాటమాటకీ చెప్పేది. ఒకరోజు అన్నం తింటూ నేను, ‘ఎవరా అబ్బాయి? ఏ ఊరు వాళ్ళది? వాళ్ళ నాన్నేం చేస్తాడు?’ అని అడిగాను. నేను చాలా మామూలుగానే అడిగాననుకున్నాను. మూడు ప్రశ్నలూ కలిపితే ఒకే ప్రశ్న అవుతుందని, అది కులం అడగటమేనని, మా ఆవిడ నావైపు చూసిన చూపుతో అర్థమైంది. పిల్లకు అర్థం కాలేదు గాని, ఏదో తప్పు జరిగిందని మాత్రం తెలిసింది. వారంరోజులపాటు ఆ పేరు మా ఇంట్లో వినిపించలేదు. పదేళ్ళుగా పాఠం చెబుతున్నవాణ్ణి, సంఘం సభలలో ప్రసంగించేవాణ్ణి, మూడు చిన్న ప్రశ్నలతో ఒక గంటను మూగదాన్ని చేశాను.

ఆ పేరు మళ్ళీ నేనే ఎత్తవలసి వచ్చింది. తప్పుగా అడిగానని మా అమ్మాయితో చెప్పాను. ఆదివారం ఆ అబ్బాయిని ఇంటికి పిలవమన్నాను. వచ్చాడు, ఇద్దరూ క్యారమ్స్ ఆడుకున్నారు, పోట్లాడుకున్నారు, అతను అలిగి వెళ్ళిపోయాడు. అంతకంటె ఏమీ జరగలేదు. కాని ఆ పోట్లాట సంగతంతా రాత్రి పడుకోబోయేముందు మా అమ్మాయి నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. వచ్చే తలిదండ్రుల సమావేశంలో మన మిత్రుడు మళ్ళీ మాట్లాడతాడు. ఈసారి నేను కూడా మాట్లాడతాను. మెట్లు వేరు చెయ్యటం గురించి ఓటింగు పెడితే, ఓటు వెయ్యబోయేముందు ప్రతి తండ్రినీ ఒక ప్రశ్న అడుగుతాను: మీ పిల్లకు ఏదైనా కష్టం వస్తే, అది మీకు చెబుతుందని మీకు నమ్మకమున్నదా?